పద్నాలుగు గుంజలు

కార్తీక పౌర్ణమి, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. హాజరైనవారు: నేను, కొలకర్ర పట్టుకున్న మునిరత్నం, మంచినీళ్ళ తొట్టి పై మెట్టు మీద కూర్చున్న వళ్ళెమ్మ, వెనక ఇసుకమిట్ట మీద ఖాళీ బిందెలతో తొమ్మిదిమంది ఆడవాళ్ళు, రెండు కుక్కలు. ఉన్న వస్తువులు: ఎత్తుపల్లాలు చూసే దుర్బిణి లెవెల్ ఒకటి, దాని మూడుకాళ్ళ స్టాండు, నీలం గొడుగు, ఫ్లాస్కులో టీ, ఫీల్డుబుక్కు. ఇవి కాక హాజరైనవి: నాలుగు రోజులుగా ఆగని ఈశాన్య గాలి, బంగాళాఖాతంలో అల్పపీడనం, వారం పాటు కురిసిన వాన, ఈ నెలలో భూమికి బాగా దగ్గరికి వచ్చిన చంద్రుడు. ఇంతవరకూ రాసి పేజీ తిప్పగానే ఎండు వేపాకు వాసన వచ్చింది. పురుగు పట్టకుండా పుస్తకం మధ్యలో ఎప్పుడో పెట్టిన రెబ్బ అది. పెట్టింది నేను కాదు. ఈ పుస్తకం నాది కాదు. మనుషులతో పాటు గాలినీ చంద్రుణ్ణీ హాజరులో వేయడం కూడా నాకు పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు.

సరస్సు సముద్రంలో కలిసే నోటి దగ్గర ఉన్న చేపల పల్లె ఇది. ఇలాంటి పల్లెను ఈ పక్క కుప్పం అంటారు. అరవై రెండు ఇళ్ళు. ఇళ్ళన్నీ మిట్ట మీద ఉన్నాయి. తొట్టి మాత్రం మిట్ట కింద, పల్లంలో, సగం భూమిలోకి దిగి ఉంది. మూడు రోజులకొకసారి పైపులో వచ్చే మంచినీళ్ళు అందులో నిండుతాయి. పైన మూత తీసి చేదతో తోడుకుంటారు. ఇప్పుడు తొట్టి చుట్టూ చీలమండల లోతు పోటు నీళ్ళు. ఆ నీళ్ళు మూత అంచు దాటితే లోపలున్నదంతా ఉప్పైపోతుంది. పాత తొట్టికి ఏటా కార్తీకంలో అదే జరిగేది. కడిగి మళ్ళీ నింపేదాకా పది రోజులు తాగేనీళ్ళ కోసం ఈ ఆడవాళ్ళు పడవెక్కి అవతలి ఒడ్డుకు పోయేవాళ్ళు. ఈ తొట్టి మూత ఎంత ఎత్తున ఉండాలో నిర్ణయించే పని మూడేళ్ళ క్రితం నా చేతికి వచ్చింది. నేను దాన్ని తప్పుగా చేశాను. సరిచేసినవారు ఖాదర్ బాషా సార్.

సార్ చిత్తూరు మనిషి. వాళ్ళ నాన్నగారు చిత్తూరు బజారులో గడియారాలు బాగుచేసేవారట. సార్ మాత్రం నలభై ఏళ్ళు కాలవలకూ చెరువుకట్టలకూ రోడ్లకూ మట్టాలు తీశారు. తిరుపతిలో రెండు గదుల సర్వే ఆఫీసులో ఆయన పెద్ద, నేను కొత్తగా చేరిన ఇంజనీరును, మునిరత్నం ఇరవై ఏళ్ళుగా కొలకర్ర పట్టుకునే మనిషి. నాది ఐరాల. మా నాయన చెరకు రైతు. సముద్రాన్ని నేను కాలేజీ టూరులో ఒక్కసారి చూశాను, అదీ చెప్పులు చేతిలో పట్టుకుని.

ఉద్యోగంలో మొదటి రోజు మా ఐరాల దగ్గరే ఒక పంటకాలవ పని పడింది. లెవెల్ నిలబెట్టి మొదటి కొలత చదవబోతుంటే సార్ అడిగారు.

“ఫస్టు పేజీ రాసినావా?”

“ఏం రాయాలి సార్?”

“ఎవురెవురు ఉండారు, ఏమేమి ఉండాయి. పెండ్లికి పోతే సూడవా ఎవురొచ్చినారు, ఎవురు రాలేదు అని? అట్లనే.”

నేను మా ముగ్గురి పేర్లూ, పరికరాల పేర్లూ రాశాను. సార్ పుస్తకం తీసుకుని చూసి, కాలవ గట్టు వైపు గడ్డంతో చూపించారు.

“ఆ ఎనుములు?”

“ఎనుములు కూడానా సార్?”

“అవి నీకన్నా ముందొచ్చినాయప్పా.”

నవ్వుకుంటూనే ‘ఎనుములు రెండు, ఒకటి మూడో మేకు దగ్గర’ అని రాశాను. మధ్యాహ్నం లెక్క కట్టి చూస్తే, బయలుదేరిన చోటికి తిరిగి వచ్చేసరికి మొదటి ఎత్తే రావలసింది, ఆరు సెంటీమీటర్లు తేడా. రెండు గంటలు కూడికలు తీసివేతలు సరిచూశాను. ఎక్కడా తప్పు లేదు. సార్ నా అంకెల వైపు చూడనే లేదు. మొదటి పేజీ చదివి, లేచి, కొలకర్ర ఆనించడానికి మేం పాతిన మేకుల్లో మూడోదాని దగ్గరికి నడిచారు. మేకు నెత్తి మీద డెక్క గుర్తు ఉంది. మేకు భూమిలోకి దిగిపోయి ఉంది. “సూడు సార్,” అన్నాడు మునిరత్నం నాతో, “ఆ ఎనుముకు డిగ్రీ లేదు. అయినా నీ లెక్కను ఆరు సెంటీమీటర్లు దించేసింది.” ఆ రోజు నుంచి మొదటి పేజీ రాయకుండా నేను లెవెల్ కాళ్ళు విప్పలేదు. అయితే జాబితా రాయడం నేర్చుకోవడం వేరు, జాబితాలో ఏం రాయకూడదో నేర్చుకోవడం వేరు. రెండోది నేర్వడానికి సముద్రం దాకా రావలసి వచ్చింది.

కుప్పం పని వచ్చినప్పుడు సార్‌కు ఒంట్లో బాగాలేదు. నన్నూ మునిరత్నాన్నీ పంపించారు. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులకు దగ్గరలో వచ్చే పౌర్ణమికి పోటు పెద్దదని నేను కాలేజీలో చదివాను. అందుకని వెతికి వెతికి ఫాల్గుణ పౌర్ణమిని ఎంచుకున్నాను. పెద్ద పోటును పట్టుకుంటే మిగతావన్నీ దానికంటే చిన్నవే కదా అని నా ధీమా. మూడు ఉదయాలు, పది నిమిషాలకొక కొలత. మూడు రోజుల్లో అన్నిటికంటే పైకి వచ్చిన నీరు, తొట్టి కట్టబోయే చోటి అంచును తాకి వెనక్కి పోయింది. అక్కడి నుంచి రెండు మెట్లు, అంటే ముప్పై సెంటీమీటర్లు, పైన మూత పెట్టాలని తేల్చాను. మిట్ట మీదే కట్టొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పైపులో వచ్చే నీళ్ళకు మిట్ట ఎక్కే బలం లేదు. పల్లంలోనే మూత ఎత్తు పెంచుకుంటూ పోతే మెట్లు పెరుగుతాయి, నిండు బిందెతో ఆ మెట్లు దిగవలసింది ఆడవాళ్ళు. రెండు మెట్లు అన్నివిధాలా బాగుందనిపించింది.

వళ్ళెమ్మను నేను మొదట చూసింది అప్పుడే. అరవై దాటిన మనిషి. తొట్టి దగ్గర వరసలు నిలబెట్టేదీ, తగాదాలు తీర్చేదీ ఆమె. మూడో రోజు పొద్దున బిందె పక్కన పెట్టుకుని నా వెనక నిలబడింది.

“ఏం తంబీ, మూడు దినాలుగా నీళ్ళకు కొలతలు తీస్తా ఉండావు. చొక్కా కుట్టిస్తావా?”

“మూత ఎత్తు తేల్చాలమ్మా. ఈ పోటు కంటే పైన పెడితే ఇంక మునగదు.”

“ఇదేం పోటు? కార్తీకంలో వచ్చి సూడు.”

“పౌర్ణమి ఎప్పుడైనా పౌర్ణమే కదమ్మా. ఇంకా చెప్పాలంటే ఈ పౌర్ణమిదే పెద్దది.”

ఆమె నన్నూ లెవెలునూ మార్చి మార్చి చూసింది. “సరే నాయనా, సదువుకున్నోడివి,” అని బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. అది ఒప్పుకోలు అనుకున్నాను.

తిరుపతికి వచ్చి డ్రాయింగు గీసి, సార్ బల్ల మీద పెట్టాను. పని చేయించేవాళ్ళు ఎండాకాలం లోపలే కట్టేయాలని తొందరపెడుతున్నారు. సార్ సంతకం ఒక్కటే మిగిలింది. సార్ డ్రాయింగు పక్కకు జరిపి ఫీల్డుబుక్కు తెరిచారు. మొదటి పేజీ మీద వేలు పెట్టి ఒక్కొక్క వరసే చదివారు. మనుషులు, పరికరాలు, పడవలు, కొంగలు. నా జాబితా చూసి మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాను. చివరి వరస దగ్గర వేలు ఆగింది.

“పాత కంచె గుంజలు, పద్నాలుగు. ఏం కంచె ఇది?”

“మిట్ట మొదట్లో సార్. వరసగా పాతి ఉన్నాయి. తీగ ఊడిపోయినట్టుంది.”

“కంచె లోపల ఏముండాది? తోటా, కొట్టమా?”

“ఏమీ లేదు సార్. ఇసుక.”

“ఇసుకకు కంచె ఎవురేస్తారప్పా? ఎవురన్నా ఎత్తుకపోతారనా?”

“ఇప్పుడు ఎత్తుకపోయేది ఇసుకనే కద సార్,” అన్నాడు గుమ్మం దగ్గర నుంచి మునిరత్నం. సార్ కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. నవ్వు అయ్యాక నా వైపు తిరిగారు.

“దగ్గరికి పోయి సూసినావా?”

“లేదు సార్. దూరం నుంచి లెక్కపెట్టాను.”

“గుంజలు నీ కంటికి కనబడినాయి, రాసినావు. బాగుండాది. కంచె యాడ కనబడింది? అది నీ తలకాయలో ఉండాది. తలకాయలో ఉండేది ఈ పేజీలో రాయొద్దు.”

సంతకం పెట్టలేదు. రెండు రోజుల తర్వాత, ఇంకా దగ్గు తగ్గకుండానే, నాయుడుపేట బస్సెక్కి మాతో వచ్చారు. కుప్పం చేరగానే నేరుగా గుంజల దగ్గరికి నడిచారు. ప్రతి గుంజకూ తాడు ఒరిసి ఒరిసి పడిన గాడి ఉంది. దాని కింద ఎండిన పాచి గీత, అన్ని గుంజలకూ ఒకే మట్టంలో, దారం పట్టి గీసినట్టు. కంచె అన్న మాట విని వళ్ళెమ్మ మిట్ట మీదున్న ఆడవాళ్ళందరికీ వినబడేలా నవ్వింది.

“కంచె అంటనా! పడవలు కట్టే గుంజలు తంబీ అవి. ఎండాకాలానికి కింద గుంజలు, కార్తీకానికి పై గుంజలు. దసరా అయినాక పడవలన్నీ ఈడికి మార్చేస్తాం. మార్చకపోతే కింద గుంజలు తలతో సహా మునిగిపోతాయి, పడవ యాడ కట్టినామో ఎతుక్కోవాల.”

“ఆ రోజే చెప్పుండొచ్చు కదమ్మా?”

“సెప్పినా కదా, కార్తీకంలో రమ్మని? నువ్వేమో పౌర్ణమి పౌర్ణమి అంటివి.”

లెవెల్ పెట్టి పాచి గీత మట్టం తీశాను. నా ఫాల్గుణ పోటు కంటే ముప్పై నాలుగు సెంటీమీటర్లు పైన ఉంది. నేను పెట్టిన మూత కంటే నాలుగు సెంటీమీటర్లు పైన. అరవై రెండు ఇళ్ళ నీళ్ళను ఉప్పు చేసే డ్రాయింగు నా సంచీలో ఉంది, దాని మీద తప్పన్నది ఒక్కటి కూడా లేని కూడికలు ఉన్నాయి. సార్ నా పక్కన ఇసుకలో కూర్చున్నారు.

“సముద్రం నేను సూసింది ఇది నాలుగోసారి. నాకూ తెలీదు. కానీ ఒకటి సెప్పు. ఒకడు అరుగు మీద నిలబడి ఎగిరినాడు, ఇంకొకడు నేల మీద నిలబడి ఎగిరినాడు. నేల మీదోడే ఎక్కువ ఎగిరినాడు అనుకో. ఎవురి తల పైన ఉంటాది?”

“అరుగు మీదవాడిది సార్.”

“నువ్వు ఎగిరింది కొలిచినావు. అరుగు కొలవలేదు.”

అరుగు సంగతి తేల్చడానికి నాకు రెండు వారాలు పట్టింది. యూనివర్సిటీ లైబ్రరీలో ఓడరేవుల పాత నీటిమట్టం పట్టికలు దొరికాయి. నెలవారీ సగటులు వేసి గీత గీస్తే, మన తూర్పు తీరంలో సముద్రం ఏడాదికొకసారి ఊపిరి పీల్చి వదిలినట్టు కనిపించింది. ఫాల్గుణ చైత్రాల్లో బాగా కిందికి దిగి ఉంటుంది. ఆశ్వయుజ కార్తీకాలకు జానెడుకు పైగా లేస్తుంది. నేను ఎంచుకున్న పౌర్ణమికి పోటు నిజంగానే పెద్దది. కాని దాన్ని మోస్తున్న సముద్రమే ఏడాదిలోకెల్లా పల్లంలో ఉంది.

కారణాలు ఒక్కొక్కటే చెబుతుంటే, సార్ వాటిని కూడా హాజరు పట్టీలాగే రాయించారు. నెలలు అడ్డంగా, కారణాలు నిలువుగా. చంద్రుడూ సూర్యుడూ ప్రతి పౌర్ణమికీ అమావాస్యకీ ఒకే వరసలో నిలబడి నీటిని లాగుతారు. వాళ్ళు ఏ నెలా మానరు. చంద్రుడు భూమికి దగ్గరగా వచ్చే రోజు పౌర్ణమితో కలిస్తే ఆ లాగుడు ఇంకొంచెం గట్టిది. గాలి మాత్రం కాలాన్ని బట్టి వచ్చే చుట్టం. వానాకాలం చివర ఈశాన్యం నుంచి వీచి నీటిని మన ఒడ్డు మీదికి తోస్తుంది. ఆ నెలల్లోనే తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. భూమి తిరగడం వల్ల మన అర్ధగోళంలో పారే నీరు తన కుడివైపుకు ఒరుగుతుంది, కుడివైపున మన ఒడ్డు ఉంది. ఎండాకాలం మొదట్లో ప్రవాహం తిరగబడి ఉత్తరానికి పోతుంది, అప్పుడు నీరు ఒడ్డును వదిలి అటువైపు ఒరుగుతుంది. వానలకు నదులు తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక. తేలికైన నీరూ వెచ్చటి నీరూ ఎక్కువ చోటు కావాలంటాయి, ఆ చోటు పైకే దొరుకుతుంది. చివరిది వాయుపీడనం. గాలి బరువు ఒక్క మిల్లీబారు తగ్గితే సముద్రం దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది.

పట్టీ పూర్తయ్యాక ఫాల్గుణం గడిలో చూస్తే హాజరు ఇద్దరే, చంద్రుడూ సూర్యుడూ. కార్తీకం గడి నిండిపోయింది. “అందురూ ఒకే దినం వస్తే?” అని అడిగారు సార్. ప్రతి ఏడూ రారని చెప్పాను. “ఎప్పుడో ఒక ఏడు వస్తారు కదా. ఆ దినానికే మనం కట్టేది,” అన్నారు. పాచి గీత చెప్పింది మామూలు కార్తీకం సంగతి. దాని మీద అల్పపీడనానికీ గాలికీ చోటు వదిలి, రెండు మెట్లను నాలుగు చేశాం.

పాత అంకెను రబ్బరుతో చెరిపేయబోతుంటే సార్ నా చేయి పట్టుకున్నారు. “సెరపొద్దు. ఒక గీత గీసి పక్కన కొత్తది రాయి. ఎందుకు మారిందో కింద రాయి. రేపు ఇంకొకడు ఇదే తప్పు సేయబోతే, నువ్వు ముందే సేసి పెట్టినావని తెలియాల.” తొందరపెడుతున్నవాళ్ళ దగ్గరికి నన్నే పంపారు. తప్పు నాదని, నెల ఆలస్యమవుతుందని, నాలుగు మెట్లు కావాలని చెప్పాను. వాళ్ళు అన్న మాటలు ఇక్కడ రాయను. సార్ సంతకం లేకుండా పని మొదలుకాదు కాబట్టి చివరికి ఒప్పుకున్నారు.

తొట్టి పూర్తయిన శ్రావణంలోనే సార్ పోయారు. చిత్తూరులో, మధ్యాహ్నం నిద్రలో. వాళ్ళబ్బాయి సగం ఖాళీగా ఉన్న ఫీల్డుబుక్కు ఒకటి తెచ్చి, “అబ్బాజాన్ మీకిమ్మని పక్కన పెట్టినారు,” అన్నాడు. నేను ఈ పొద్దున రాస్తున్నది అందులోనే. కుప్పానికి మాతో వచ్చిన రోజు సార్ రాసుకున్న మొదటి పేజీ కూడా అందులోనే ఉంది. ఆ రోజు నేను గుంజలు కొలుస్తుంటే ఆయన ఊరికే కూర్చున్నారనుకున్నాను. గాలి, ఎండ, మేమిద్దరం, పడవలు, గుంజలు పద్నాలుగు. ఆఖరి వరస: ‘వళ్ళెమ్మ. కుడి మోకాలు బాగాలేదు.’ డ్రాయింగులో మెట్ల పక్కన ఇనుప కమ్మీ ఎందుకు వచ్చిందో, అది దిగేవాళ్ళకు కుడివైపే ఎందుకు ఉందో నాకు అప్పుడు అర్థమైంది. కమ్మీ గీసింది నేనే. సార్ గీయమంటే గీశాను, కారణం అడగలేదు.

తర్వాతి రెండు కార్తీకాలూ మెత్తగా పోయాయి. పౌర్ణమికి గాలి రాలేదు, వాన రాలేదు. నీళ్ళు రెండో మెట్టు అంచు దాకా వచ్చి తిరిగిపోయాయి. పై రెండు మెట్లూ పొడిగానే ఉండిపోయాయి. పోయినేడు వచ్చినప్పుడు వళ్ళెమ్మ కమ్మీ పట్టుకుని దిగుతూ దెప్పింది. “మీ సాయిబు మంచోడే తంబీ, కానీ నా మోకాళ్ళకు రెండు మెట్లు ఎక్కువ రాసిపోయినాడు.” కుప్పంలో కుర్రవాళ్ళు ఆ రెండు మెట్లూ కొట్టేసి మూత దించాలని మాట్లాడుకుంటున్నారట. నేను పట్టీ చూపించి, అందరూ ఇంకా రాలేదని చెప్పాను. “ఎవురు రాలేదు?” అని అడిగింది. చెప్పాను. ఒక కార్తీకం ఆగుదామని ఆమే వాళ్ళకు నచ్చచెప్పింది. ఈ కార్తీకం అదే.

ఏడున్నరకు మొదటి మెట్టు మునిగింది. ఎనిమిది దాటాక రెండోది పోయింది. నా పాత డ్రాయింగులో మూత ఉన్నది ఆ మట్టంలోనే. గాలికి గొడుగు తిరగబడి ఎగిరిపోయింది, కుక్కలు మిట్ట ఎక్కేశాయి. పద్నాలుగు గుంజలకూ పద్నాలుగు పడవలు కట్టి ఉన్నాయి. ఎనిమిదిన్నరకు నీళ్ళు మూడో మెట్టు కూడా దాటి పైకి పాకుతుంటే వళ్ళెమ్మ కాళ్ళు పైకి ముడుచుకుంది.

“తంబీ, ఇంకెవురన్నా రావాల్సినోళ్ళు ఉండారా?”

పట్టీ చూశాను. “లేరమ్మా. అందరూ వచ్చేశారు.”

ఎనిమిది నలభైకి కొలకర్ర చదివాను. ఎనిమిది యాభైకి చదివాను. అదే అంకె. తొమ్మిదికి ఒక సెంటీమీటరు తగ్గింది. వళ్ళెమ్మ మూత తీసి, చేద వేసి, తోడిన నీళ్ళు దోసిట్లో పట్టి రుచి చూసింది. మిట్ట వైపు తిరిగి బిందెలు తెమ్మని చేయి ఊపింది. మునిరత్నం నీళ్ళలోనే నిలబడి టీ అడిగాడు. నేను పుస్తకంలో ఆఖరి వరస రాశాను.

అత్యధిక నీటిమట్టం, ఎనిమిది గంటల నలభై నిమిషాలు. మూత అంచుకు పదకొండు సెంటీమీటర్లు కింద.